మోంటెక్రిస్టో సిగార్: ఒకే పేరుతో రెండు దేశాల పెట్టెలు ఎందుకున్నాయి?

షార్జా_ప్రవాసి

సభ్యులకు నమస్కారం. మా బావగారు డాలస్ నుంచి వస్తూ మోంటెక్రిస్టో సిగార్ల పెట్టె ఒకటి తెచ్చి ఇచ్చారు. దాని మీద డొమినికన్ రిపబ్లిక్‌లో చేతితో చుట్టినవని రాసి ఉంది. దుబాయ్ విమానాశ్రయంలోని సుంకం లేని దుకాణంలో అదే పేరుతో, అదే కత్తుల గుర్తుతో ఉన్న మరో పెట్టె చూశాను. దాని మీద క్యూబా అని ఉంది, ధర మాత్రం చాలా ఎక్కువ. వీటిలో అసలు ముద్ర ఏది? రెండోది నకిలీయా, లేక రెండింటికీ ఏదైనా సంబంధం ఉందా? నంబర్ 1, నంబర్ 2, నంబర్ 4 అని పిలిచే రకాలకూ, ఎద్ముందో, ఓపెన్ వంటి పేర్లున్న రకాలకూ తేడా ఏమిటి? పొగాకు సంగతులు, పాత వ్యాపార ముద్రల చరిత్ర తెలిసినవారు ఇక్కడ ఉన్నారు కనుక అడుగుతున్నాను.

పాతముద్రలు

మీరు చూసిన రెండింటిలో ఏదీ నకిలీ కాదండి. రెండూ చట్టప్రకారం మోంటెక్రిస్టోలే, కాకపోతే వేర్వేరు దేశాల చట్టాల ప్రకారం. అది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1935 జూలైలో అలోన్సో మెనెందెస్ అనే వ్యాపారి హవానాలో పర్తికులారెస్ అనే సిగార్ కర్మాగారాన్ని కొన్నారు. ఆ కర్మాగారానికి అప్పటికే బాగా పేరున్న పర్తికులారెస్, అంతగా పేరు లేని బైరన్ అనే రెండు ముద్రలున్నాయి. ఆయన వచ్చీ రాగానే మొదలుపెట్టిన కొత్త ముద్రే మోంటెక్రిస్టో. మరుసటి సంవత్సరం హోసే గార్సియాతో కలిసి మెనెందెస్, గార్సియా కంపెనీని స్థాపించి, 1937లో హెచ్. ఉప్మన్ కర్మాగారాన్ని కూడా కొనుగోలు చేశారు. ఉప్మన్ అనేది 1844లో జర్మన్ బ్యాంకర్ల కుటుంబం హవానాలో నెలకొల్పిన ముద్ర; ఆ కుటుంబపు బ్యాంకు 1922లో కూలిపోయాక కర్మాగారం లండన్‌కు చెందిన జె. ఫ్రాంకావ్ సంస్థ చేతికి వచ్చింది. మెనెందెస్, గార్సియాలు దాన్ని ఆ సంస్థ దగ్గర కొని, మోంటెక్రిస్టో తయారీని కూడా అక్కడికే మార్చారు. మోంటెక్రిస్టోకు అంత త్వరగా పేరు రావడంలో ఈ కొనుగోలుకు పెద్ద పాత్ర ఉందని నేను భావిస్తాను. తొంభై ఏళ్ల అనుభవమున్న కర్మాగారం, అందులో చేయి తిరిగిన పనివారు, నిన్న మొన్న పుట్టిన ముద్రకు ఒక్కసారిగా దొరికారు.

ఇక అమ్మకం విషయం. బ్రిటన్‌లో ఉప్మన్ సిగార్లను ఫ్రాంకావ్ సంస్థే అమ్మేది. ఒకే అంగడిలో తన ముద్రలు రెండూ ఒకదానికొకటి పోటీ కాకూడదనుకున్నారేమో, మెనెందెస్ మోంటెక్రిస్టోను ఫ్రాంకావ్‌కు ఇవ్వకుండా వారి పోటీదారైన జాన్ హంటర్, మోరిస్ అండ్ ఎల్కన్ అనే సంస్థకు అప్పగించారు. మీరు పెట్టె మీద చూసిన గుర్తును, అంటే ఆరు కత్తులు త్రిభుజంగా నిలిచి మధ్యలో ఫ్రెంచి రాజచిహ్నమైన లిల్లీ పువ్వు ఉండే ముద్రను, రూపొందించింది హవానా వారు కాదు, ఈ బ్రిటిష్ పంపిణీదారులే. ఆ రెండు సంస్థలూ తరువాతి కాలంలో కలిసిపోయి హంటర్స్ అండ్ ఫ్రాంకావ్ అయ్యాయి.

ఆ రోజుల్లో హవానా పెట్టెలంటే బంగారు నాణేల బొమ్మలు, రాజుల పతకాలు, తాటిచెట్ల దృశ్యాలు కిక్కిరిసిన రంగుల కాగితాలు. వాటి పక్కన మోంటెక్రిస్టో పెట్టె దాదాపు బోసిగా కనిపించేది. సిగార్ చుట్టూ ఉండే కాగితపు ఉంగరం కూడా గోధుమరంగు మీద తెల్లని అక్షరాలతో సాదాగా ఉంటుంది. ఆ సాదాతనమే దాన్ని నలుగురిలో గుర్తుపట్టేలా చేసింది.

సందేహాల_శాస్త్రి

పేరు గురించి ప్రచారంలో ఉన్న కథను ఇంకా ఎవరూ ప్రస్తావించలేదు. అలెగ్జాండర్ డ్యూమా రాసిన "మోంటెక్రిస్టో ప్రభువు" నవలను కర్మాగారంలో చదివి వినిపిస్తే పనివారికి ఎంతగానో నచ్చిందని, అందుకే ఆ పేరు పెట్టారని చెబుతారు. పనిచేసేవారికి జీతమిచ్చి నవలలు వినిపించే యజమాని ఎక్కడైనా ఉంటాడా? అమ్మకాల కోసం తరువాత అల్లిన కథలా అనిపిస్తోంది.

పాతముద్రలు

శాస్త్రి గారూ, మీ అనుమానం సగం సరైనదే: యజమానులు జీతమిచ్చి చదివించలేదు, పనివారే చందాలు వేసుకుని చదివించుకున్నారు.

ఈ ఆచారం 1865లో హవానాలోని ఎల్ ఫీగరో కర్మాగారంలో మొదలైంది. సిగార్ చుట్టే గదిలో యంత్రాల మోత ఉండదు. చేతులకు పని, చెవులకు ఖాళీ. ఎత్తైన వేదిక మీద కూర్చున్న పాఠకుడు ఉదయం వార్తాపత్రికలు, ఆ తరువాత నవలలు చదివేవాడు. ఏ పుస్తకం చదవాలో పనివారే ఓటు వేసి నిర్ణయించేవారు. అక్షరం రాని పనివారు కూడా లోకజ్ఞానంలో, రాజకీయ చైతన్యంలో ముందుండటానికి ఇదే కారణమని గ్రహించిన స్పానిష్ ప్రభుత్వం మరుసటి ఏడాదే దాన్ని నిషేధించింది కూడా. అయినా ఆచారం తిరిగి లేచింది, ఫ్లోరిడాకు వలస వెళ్లిన క్యూబా పనివారితో పాటు టాంపా నగరానికీ చేరింది. అక్కడ 1931లో యజమానులు పాఠకులను తొలగించి రేడియోలు పెట్టారు. క్యూబాలో మాత్రం ఈ చదువు ఇప్పటికీ సాగుతోంది.

మోంటెక్రిస్టో పేరును ఏ రోజు, ఎవరి ఓటుతో నిర్ణయించారని అడిగితే అది వేరే ప్రశ్న. కానీ అలాంటి కథ పుట్టడానికి తగిన నేల అక్కడ నిజంగానే ఉంది. 2004లో వచ్చిన ఎద్ముందో రకానికి ఆ నవలా నాయకుడి పేరే పెట్టారు, 2017లో వచ్చిన లీనియా 1935 శ్రేణిలో ఒక రకానికి నేరుగా డ్యూమా పేరే పెట్టారు.

డాలస్_మోహన్

అమెరికా వైపు కథను నేను చెబుతాను, ఎందుకంటే ఇక్కడి దుకాణాల్లో మోంటెక్రిస్టో అని అడిగితే మీకు దొరికేది ఆ కొమ్మకు చెందినదే.

1959లో విప్లవం వచ్చింది, 1960 సెప్టెంబరులో క్యూబా ప్రభుత్వం సిగార్ కర్మాగారాలను జాతీయం చేసింది. మెనెందెస్, గార్సియా కుటుంబాలు దేశం విడిచి వెళ్లిపోయాయి. ఉప్మన్ కర్మాగారానికి ప్రభుత్వం హోసే మార్తీ పేరు పెట్టింది, మోంటెక్రిస్టోను మాత్రం పేరు మార్చకుండా ప్రభుత్వ సంస్థ ద్వారా తయారు చేస్తూ వచ్చింది. యజమానులు కెనరీ దీవులకు చేరి అక్కడ మళ్లీ పని మొదలుపెట్టారు, కానీ మోంటెక్రిస్టో పేరు వాడుకోవడానికి క్యూబా సంస్థ చట్టపరంగా అడ్డుపడింది. చివరికి 1970ల నడుమ ఆ వ్యాపారం డొమినికన్ రిపబ్లిక్‌లోని లా రొమానా పట్టణానికి చేరింది. అమెరికాలో క్యూబా హక్కులకు గుర్తింపు లేదు కనుక, అక్కడ తయారైన సిగార్లకు అమెరికా అంగడిలో మోంటెక్రిస్టో పేరు చట్టబద్ధంగా దక్కింది.

దీనికి మూలం 1962 ఫిబ్రవరి 3న అధ్యక్షుడు కెనడీ సంతకం చేసిన వాణిజ్య నిషేధం. ఆ సంతకానికి ముందు రోజు ఆయన తన పత్రికా కార్యదర్శి పియర్ శాలింజర్‌ను పిలిచి, మరుసటి ఉదయానికల్లా వెయ్యి పెటిట్ ఉప్మన్ సిగార్లు సంపాదించమన్నారని, 1,200 దొరికాయని చెప్పాకే నిషేధ పత్రం మీద సంతకం చేశారని శాలింజర్ తరువాత స్వయంగా రాశారు. మోంటెక్రిస్టో తయారైనదీ ఆ ఉప్మన్ కర్మాగారంలోనే కావడం వల్ల ఈ కథ మన చర్చకు దూరం కాదనుకుంటాను.

నా దృష్టిలో అసలు విచిత్రం తరువాత జరిగింది. లా రొమానా సిగార్ల హక్కులున్న కన్సాలిడేటెడ్ సిగార్ కంపెనీని 1999లో ఫ్రాన్సుకు చెందిన సెయిటా కొన్నది. అదే ఏడాది సెయిటా, స్పెయిన్‌కు చెందిన తబాకలెరా కలిసి అల్తాదిస్ అయ్యాయి. ఆ తరువాత కొద్దికాలానికే క్యూబా సిగార్లన్నింటినీ ప్రపంచానికి అమ్మే హబానోస్ సంస్థలో సగం వాటా కూడా అల్తాదిస్ చేతికే వచ్చింది. 2008లో బ్రిటన్‌కు చెందిన ఇంపీరియల్ టుబాకో ఆ అల్తాదిస్‌ను మింగేసింది. అంటే, న్యాయస్థానాల్లో ఒకరిపై ఒకరు పోరాడిన రెండు మోంటెక్రిస్టోల లాభాల్లోనూ దాదాపు రెండు దశాబ్దాల పాటు ఒకే సంస్థ వాటా తీసుకుంది! 2020లో ఇంపీరియల్ సిగార్ వ్యాపారం నుంచి తప్పుకుంటూ హబానోస్ వాటాను ఒకరికి, అమెరికా వ్యాపారాన్ని మరొకరికి అమ్మేసింది. దానితో ఆ రెండు కొమ్మలూ మళ్లీ విడిపోయాయి.

ఒంగోలు_నల్లరేగడి

పేరు ఎవరిదన్న వివాదం కోర్టులకు వదిలేద్దాం. పొగాకు పండించినవాడిగా నాకు తెలిసిన మాట ఒకటుంది: ఆకు మారితే సరుకు మారినట్టే. హవానా సిగార్ అనేది ముందుగా ఒక నేల, ఆ తరువాతే ఒక ముద్ర.

ఆ నేల క్యూబా పశ్చిమాన ఉన్న పినార్ దెల్ రియో రాష్ట్రంలోని వుయెల్తా అబాహో. అందులోనూ సాన్ లూయిస్, సాన్ హువాన్ ఇ మర్తీనెస్ అనే రెండు ఊళ్ల చుట్టుపక్కల పొలాలకు పెద్ద పేరు. అక్కడ ఎర్రటి ఇసుక కలిసిన నేల. మన ప్రకాశం జిల్లాలో మనం వేసేది వర్జీనియా పొగాకు. దాన్ని బ్యారన్‌లో, అంటే పొయ్యి ఉన్న కొట్టంలో పెట్టి, వేడిని మెల్లగా పెంచుకుంటూ వారం రోజుల లోపే ఆరబెడతాం. ఆకు పసుపుపచ్చగా తేలడమే మన లక్ష్యం, ఎందుకంటే అది సిగరెట్టులోకి వెళుతుంది. సిగార్ ఆకుకు ఆ పద్ధతి అసలు పనికిరాదు. వాళ్లు ఆకును జతలుగా దారంతో కుట్టి, కర్రలకు వేలాడదీసి, పొయ్యి లేని కొట్టంలో గాలికే నెలన్నర, రెండు నెలలు ఆరబెడతారు. అందులో చక్కెర అంతా ఖర్చయి ఆకు గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ తరువాత మండెలు, అంటే ఆకు కుప్పలు వేసి ఊరబెడతారు. మండె లోపల వేడి పెరుగుతుంది, అమ్మోనియా వాసన గుప్పుమని బయటకు వస్తుంది, ఆకులోని ఘాటు తగ్గుతుంది. మండె వేడి మితిమీరితే విప్పి, తిరగేసి, మళ్లీ వేస్తారు. ఈ పని చేసిన చేతికి ఆ వాసన వారాల పాటు వదలదు.

ఒక సిగార్‌లో మూడు పొరలుంటాయి. లోపల పొడవాటి ఆకులు, వాటిని పట్టి ఉంచే కట్టుడు ఆకు, అన్నిటికీ పైన కనిపించే పై ఆకు. లోపలి ఆకుల్ని మొక్క మీద ఉన్న స్థానాన్ని బట్టి వేరు చేస్తారు: అడుగు ఆకు వొలాదో, సులభంగా మండటానికి, నడుమ ఆకు సెకో, వాసనకు, పైభాగపు ఆకు లిహెరో, బలానికి. లిహెరో మెల్లగా మండుతుంది కనుక దాన్ని ఎప్పుడూ సిగార్ మధ్యలోనే పెడతారు, కనీసం రెండేళ్లు నిల్వ ఉంచాకే వాడతారు. ఏ ముద్రకు ఏ పాళ్లలో కలపాలన్నదే ఆ ముద్ర రహస్యం. మోంటెక్రిస్టో బలం మరీ తేలికా కాదు, మరీ ఘాటూ కాదు. మధ్యమం నుంచి కాస్త పైకి అని హబానోస్ వారే వర్గీకరించారు.

పై ఆకు సంగతి పూర్తిగా వేరు. దాన్ని పలుచని బట్ట పందిళ్ల కింద పెంచుతారు. ఎండ తగ్గితే ఆకు వెడల్పుగా, పలుచగా, ఈనెలు సన్నగా వస్తుంది. దోమ కుట్టిన మచ్చ కూడా ఉండకూడదు. ఇక్కడ గ్రేడింగ్‌లో మనకు ఎంత నరకమో తెలిసినవారికి, ఆ పందిట్లో ఉన్న రైతు పరిస్థితి ఊహించుకోవడం కష్టం కాదు.

డొమినికన్ మోంటెక్రిస్టోలో ఈ నేల ఆకు ఒక్కటి కూడా ఉండదు, ఉంటే అమెరికాలో అమ్మడానికి వీలు కాదు. కనుక పెట్టె మీది బొమ్మ ఒకటే అయినా లోపల ఉన్నది మరో వస్తువు. నా తీర్పు క్యూబా వైపే.

డాలస్_మోహన్

నల్లరేగడి గారూ, నేలకు మీరిచ్చిన విలువను కాదనను, కానీ చేతిపనిని మీరు పూర్తిగా పక్కన పెట్టారు. ముద్రను పుట్టించిన కుటుంబం, దాని లెక్కలు, దాని పనితీరు దేశం దాటి వెళ్లాయి. లా రొమానాలోని తబాకలెరా దె గార్సియా ఇవాళ ప్రపంచంలోని అతి పెద్ద చేతి సిగార్ల కర్మాగారాల్లో ఒకటి, దాని పేరులోనే గార్సియా ఉంది. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నప్పుడు ఒకరికి పొలం, మరొకరికి ఇంటిపేరుతో కూడిన వ్యాపారం దక్కినట్టు జరిగింది. పొలం ఉన్నవాడే అసలు వారసుడని ఎలా తేలుస్తారు?

పైగా ఇక్కడి శ్రేణి వేరే దారిలో పెరిగింది. క్లాసిక్, వైట్ సిరీస్ అనేవి కనెక్టికట్ రకపు లేతరంగు పై ఆకుతో మెత్తగా ఉంటాయి. వైట్‌కు ఆ విత్తనాన్ని ఎక్వడార్‌లో పండిస్తారు, అక్కడ మబ్బులే పందిరి. ఎస్పాదా అనేది పూర్తిగా నికరాగువా ఆకుతో చేసినది. ముద్ర పుట్టిన సంవత్సరాన్ని గుర్తు చేస్తూ 1935 ఆనివర్సరీ నికరాగువా అని మరొకటి తెచ్చారు. అంటే డొమినికన్ కొమ్మ అనే మాట కూడా ఇప్పుడు పూర్తిగా సరిపోదు. వీటిలో ఎస్పాదా నాకు క్యూబా సిగార్లకంటే ఘాటుగా తోచింది.

సందేహాల_శాస్త్రి

ఇద్దరి వాదనలూ విన్నాను. నాకు అర్థమైనది ఏమిటంటే, 1960 తరువాత క్యూబాకు మిగిలినవి నేల, కర్మాగారం, చుట్టే చేతులు. వెళ్లిపోయినవి యాజమాన్యం, కొనుగోలుదారుల్లో పెద్ద భాగమైన అమెరికా అంగడి. సిగార్ తాగేవాడికి యాజమాన్యం రుచి తెలియదు కదా. కనుక నేను నల్లరేగడి గారి పక్షమే, కానీ డొమినికన్‌ను నకిలీ అనడం మాత్రం అన్యాయం.

షార్జా ప్రవాసి గారు అడిగిన రకాల పేర్ల సంగతి ఎవరైనా చెబుతారా?

పాతముద్రలు

క్యూబా మోంటెక్రిస్టో మొదట అయిదు అంకెలతోనే నడిచింది, ఇప్పటికీ దాని వెన్నెముక అవే. ఇక్కడ మీకు రెండు కొలతలు కనిపిస్తాయి: పొడవు మిల్లీమీటర్లలో, మందం రింగ్ గేజ్‌లో. రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతుల లెక్క. 42 అంటే సుమారు 16.7 మిల్లీమీటర్ల మందం, 52 అంటే 20.6.

నంబర్ 1 పొడవు 165, మందం 42. నంబర్ 3 అదే మందంతో 142. నంబర్ 4 ఇంకా పొట్టిగా 129. నంబర్ 5 చిన్నది, 102 పొడవు, 40 మందం. ఈ నాలుగూ ఒకే తీరు తిన్నని సిగార్లు. మధ్యలో నంబర్ 2 మాత్రం వేరే జాతి: 156 పొడవు, 52 మందం, తల వైపు కోసుగా సన్నబడుతుంది. అలా సన్నబరచడం అందరు పనివారికీ చేతకాదు. పై ఆకును ఆ కొస మీద మడతలు పడకుండా తిప్పడం పై శ్రేణి తోర్సెదోర్‌కు, అంటే సిగార్ చుట్టే పనివాడికి అప్పగించే పని. కోసుగా ఉండే సిగార్లలో దీన్నే ప్రమాణంగా చూస్తారు. 2013లో సిగార్ అఫీషియనాడో పత్రిక ఆ ఏటి ఉత్తమ సిగార్‌గా ఎంచింది కూడా దీన్నే.

అమ్మకాల్లో రాజు మాత్రం నంబర్ 4. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడయ్యే క్యూబా సిగార్‌గా దానికి చాలాకాలంగా పేరుంది. అరగంటకు కాస్త ఎక్కువ సమయంలో పూర్తవుతుంది, ధర కూడా మరీ చుక్కల్లో ఉండదు. చే గువేరాకు ఇష్టమైనది ఇదేనని చెబుతారు.

1970ల ఆరంభంలో 235 మిల్లీమీటర్ల భారీ 'ఎ', సన్నని పొడవాటి ఎస్పెసియల్ రకాలు, చిన్నగా, బాగా సన్నగా ఉండే హొయీతా వచ్చాయి. ఆ తరువాత ముప్ఫై ఏళ్ల పాటు చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. 2004లో ఎద్ముందో వచ్చింది: 135 పొడవు, 52 మందం. అంటే నంబర్ 4 కంటే ఆరు మిల్లీమీటర్లే పొడవు, కానీ లావు చాలా ఎక్కువ. అప్పటి నుంచి ప్రపంచమంతా లావు సిగార్ల వైపు మళ్లింది. 2006లో పెటిట్ ఎద్ముందో, 2013లో డబుల్ ఎద్ముందో ఆ దారినే వచ్చాయి.

2009 నాటి ఓపెన్ శ్రేణిని, అంటే ఈగిల్, రెగాటా, మాస్టర్, జూనియర్ అనే నాలుగింటిని, కొత్తవారి కోసమని తేలికపరచి, గోల్ఫ్, పడవ పందేల వాసన పూసి అమ్మారు. నాకు అందులో మోంటెక్రిస్టో తత్వం కనిపించలేదు. లీనియా 1935 మాత్రం దానికి సరిగ్గా ఎదురు: మల్తెస్, డ్యూమా, లెయెందా అనే మూడు రకాలు, సాధారణ మోంటెక్రిస్టో కంటే బలమైన మిశ్రమం, దానికి తగ్గ ధర.

లంకగట్టు

చర్చ బాగుంది. నల్లరేగడి గారు వర్జీనియా గురించి చెప్పారు కనుక మా గోదావరి వైపు సంగతి ఒకటి చేర్చాలి. సిగార్ పద్ధతికి దగ్గరైన ఆకు మన దగ్గర లేకపోలేదు. గోదావరి లంకల్లో వరద తీశాక మిగిలే ఒండ్రు మీద పండే లంక పొగాకు చుట్టల కోసమే పండించే ఆకు, దానికి బ్యారన్ అక్కర్లేదు. బ్రిటిషు వారి కాలంలో అది బర్మాకు ఎగుమతై అక్కడి చుట్టల తయారీకి వెళ్లేది. తమిళనాడులో దిండిగల్ చుట్టుపక్కల ఆకు తిరుచిరాపల్లి చుట్టలకు ఆధారమైంది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడ్డాక, చుట్ట పొగాకు కోసం తమిళనాడులోని వేడసందూరులో, పై ఆకు కోసం బెంగాల్‌లోని దిన్‌హాటాలో కేంద్రాలు పెట్టారు. అంటే నేల, ఆకు, పరిశోధన మూడూ ఉన్నాయి. లేనిదల్లా ఆకును ఏళ్ల తరబడి నిల్వ ఉంచే పెట్టుబడి, దానికి ధర పలికించే ముద్ర. మెనెందెస్ చేసినది సరిగ్గా ఆ రెండో పని.

నోటివైద్యుడు_సిక్కోలు

చరిత్ర ఆసక్తిగా చదివాను, అయితే ఒక మాట చెప్పకుండా ఉండలేను. సిగార్ పొగను లోపలికి పీల్చరు కనుక హాని తక్కువన్న నమ్మకం ఈ అలవాటుతో పాటే ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. నల్లరేగడి గారు చెప్పిన ఆ ఆరబెట్టే, ఊరబెట్టే పద్ధతి వల్లనే సిగార్ పొగ క్షారగుణంతో ఉంటుంది. అందువల్ల ఊపిరితిత్తుల దాకా వెళ్లకుండానే నోటి పొర నుంచే నికోటిన్ రక్తంలోకి చేరుతుంది. ఒక పెద్ద సిగార్‌లో పూర్తి సిగరెట్టు పెట్టెలో ఉన్నంత పొగాకు ఉండవచ్చు. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక క్యాన్సర్లకు సిగార్ కారణమవుతుందని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లోనే విస్తృత నివేదిక ఇచ్చింది.

మా శ్రీకాకుళం తీరంలో అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట వెలిగిన కొసను నోటిలో పెట్టుకుని తాగడం, ముఖ్యంగా ఆడవాళ్లలో ఉండేది. 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం ఆ అలవాటు అంగిలి మీద తెచ్చే మార్పులను ప్రపంచ వైద్యరంగానికి చూపింది. ఆకు ఖరీదైనదైనా, లంకదైనా, నోటిపొరకు ఆ తేడా తెలియదు.

షార్జా_ప్రవాసి

అందరికీ ధన్యవాదాలు. వైద్యుడి గారి హెచ్చరికను తేలిగ్గా తీసుకోవడం లేదు. నేను తాగేవాడిని కాను, సేకరణ మీద ఆసక్తి ఉన్నవాడిని. మరో రెండు సందేహాలు. ఇక్కడ ఒక పరిచయస్తుడు అద్దపు మూత ఉన్న మోంటెక్రిస్టో క్యూబా పెట్టెను సగం ధరకే ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? తీసుకుంటే దాన్ని ఇండియాకు గానీ, డాలస్‌లో బావగారికి గానీ పంపవచ్చా?

పాతముద్రలు

అద్దపు మూత అన్నారు కదా, అక్కడే ఆగిపోండి. హబానోస్ అద్దపు మూతతో పెట్టెలు అమ్మదు. పర్యాటకులకు అంటగట్టే నకిలీలకు అది గుర్తు. అసలు పెట్టెకు 1912 నుంచి ఆకుపచ్చ రంగు ప్రభుత్వ హామీ ముద్ర ఉంటుంది. ఇప్పటి ముద్రలో హోలోగ్రామ్, ప్రతి పెట్టెకు వేరైన బార్‌కోడ్ ఉంటాయి. ఆ సంఖ్యను హబానోస్ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. పెట్టె అడుగున "క్యూబాలో తయారైనది", "పూర్తిగా చేతితో" అని స్పానిష్‌లో కాల్చిన అచ్చు ఉంటుంది. ఈ రెండో మాట 1989 నుంచే వాడుకలోకి వచ్చింది, కనుక 1970ల నాటి అరుదైన పెట్టె అని చెప్పి దాని మీద ఆ మాట చూపించేవాడిని నమ్మకండి. దాని పక్కన సిరాతో వేసిన కర్మాగార సంకేతం, నెల, సంవత్సరం కూడా చూడండి. లోపల తెరిచాక అన్ని సిగార్ల రంగు ఎడమ నుంచి కుడికి ఒకే క్రమంలో మెల్లగా మారుతూ, ఉంగరాలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. కర్మాగారంలో రంగు వేరు చేయడానికే ప్రత్యేకంగా మనుషులుంటారు.

నకిలీలు ఇంతగా పెరగడానికి ధర కూడా కారణం. 2022 సెప్టెంబరులో ఇయాన్ తుపాను పినార్ దెల్ రియోలో ఆకు ఆరబెట్టే వేలాది కొట్టాలను కూల్చివేసింది. గిరాకీ తగ్గలేదు, సరుకు మాత్రం చాలా చోట్ల కరువైంది.

డాలస్_మోహన్

రెండో ప్రశ్నకు నా జవాబు. డాలస్‌కు క్యూబా పెట్టె పంపవద్దు. 2015లో వంద డాలర్ల పరిమితితోనూ, 2016 అక్టోబరు నుంచి సొంత వాడకానికి ఆ పరిమితి లేకుండానూ ప్రయాణికులను తెచ్చుకోనిచ్చారు గానీ, 2020 సెప్టెంబరులో ఆ సడలింపును పూర్తిగా ఎత్తేశారు. వేరే దేశంలో కొన్నా, బహుమతిగా వచ్చినా అదే నిబంధన. ఇండియాకైతే సామానుతో పాటు సుంకం లేకుండా తీసుకువెళ్లడానికి 2016 నాటి బ్యాగేజీ నియమాలు 25 సిగార్ల వరకు అనుమతించాయి. మోంటెక్రిస్టో పెట్టెల్లో చాలావాటికి సరిగ్గా ఆ సంఖ్యే ఉంటుంది. మీరు బయలుదేరే నాటికి ఉన్న నియమాన్ని కస్టమ్స్ వెబ్‌సైటులో ఒకసారి చూసుకోండి.

ఒంగోలు_నల్లరేగడి

సేకరణ కోసమే అయితే దాచే పద్ధతి కూడా తెలుసుకోండి. దేవదారు పలకలు పరిచిన హ్యుమిడార్‌లో, అంటే సిగార్లు దాచే పెట్టెలో గాలి తేమ 65 నుంచి 70 శాతం మధ్య, ఉష్ణోగ్రత 18 డిగ్రీల దగ్గర ఉండాలి. వేడి పెరిగితే పొగాకు పురుగు గుడ్లు పొదుగుతాయి, పై ఆకు మీద సూదితో పొడిచినట్టు రంధ్రాలు పడతాయి. షార్జా ఎండకు ఏసీ ఆపేసి సెలవులకు ఊరు వెళితే పెట్టెను మరిచిపోవలసిందే. బావగారు తెచ్చిన డొమినికన్ పెట్టెను, మీరు కొనబోయే క్యూబా పెట్టెను ఒకే హ్యుమిడార్‌లో కలిపి పెట్టవద్దు. పొగాకు పక్కనున్న ఆకు వాసనను ఇట్టే పట్టేస్తుంది.

షార్జా_ప్రవాసి

అద్దపు మూత పెట్టె వద్దని ఆ పరిచయస్తుడికి చెప్పేశాను. నంబర్ 2 పెట్టె ఒకటి, నంబర్ 4 పెట్టె ఒకటి అధికారిక దుకాణంలోనే తీసుకుంటాను. ముద్ర మీది బార్‌కోడ్ సరిచూశాక దాని అడుగు భాగం ఫొటో ఇక్కడ పెడతాను. కర్మాగార సంకేతం ఏమిటో పాతముద్రలు గారు చెప్పగలరని ఆశిస్తున్నాను.